ఊరికే మోగని అలారం

జయంతిపురం ఫ్యాక్టరీలో సిమెంటు ఎత్తుకున్న లారీ జగ్గయ్యపేట దాటి, చిల్లకల్లు దగ్గర హైవే ఎక్కి, నందిగామ మీదుగా విజయవాడ పోతుంది. దాని ఓనరు కోరేది ఒకటే: ‘బండి నిలబెట్టి ఇంజను ఊరికే తిప్పుతుంటే నాకు తెలియాలి.’ జీపీఎస్ సాఫ్ట్‌వేరుకు ఈ ఒక్క మాట చెప్పడంలోనే పనితనమంతా ఉంది.

కొత్త చెయ్యి ‘ఇంజను ఆన్, వేగం సున్నా’ అని రాసి ఊరుకుంటుంది. ఇక ఫోను ఆగదు. లోడింగు వరసలో మోగుతుంది, చిల్లకల్లు టోల్‌గేటులో మోగుతుంది, కీసర టోల్‌గేటులో మళ్లీ మోగుతుంది. మోగాల్సిన చోట మాత్రం మోగదు. ఎందుకంటే నిలబడ్డ బండిని కూడా జీపీఎస్ ఒక్కోసారి ఒకటి రెండు కిలోమీటర్ల వేగంతో కదులుతున్నట్టు చూపిస్తుంది. అందుకే చెయ్యి తిరిగినవాళ్లు సున్నా రాయరు, ‘అయిదు కంటే తక్కువ’ అంటారు. ట్రాకార్ అనే ఉచిత సాఫ్ట్‌వేరులోనైతే వేగం నాట్లలో ఉంటుంది, అక్కడ అయిదు కిలోమీటర్లకు 2.7 అని రాయాలి. ‘ఇంజను ఆన్’ అన్నదాన్నీ పూర్తిగా నమ్మరు. చాలా పరికరాలకు తెలిసేది తాళం తిప్పిన సంగతే. పాటలు వింటూ కూర్చున్న డ్రైవరు మీద నింద పడకుండా బ్యాటరీ వోల్టేజి కూడా చూస్తారు. 24 వోల్టుల లారీలో ఇంజను తిరుగుతుంటే అది మామూలుగా 27 దాటుతుంది. ఇదంతా పది నిమిషాలు ఆగకుండా నిజమైతేనే అలారం. టోల్‌గేటు గోల చాలావరకు అక్కడితో సరి.

నాకు అన్నిటికన్నా ముచ్చటగా అనిపించేది అలారం మోగకూడని చోట్లకు మినహాయింపులు రాసే తీరు. ‘యార్డులో లేదు లేదా టోల్‌గేటులో లేదు’ అని రాస్తే ఆ షరతు ఎప్పుడూ నిజమే, ఏ లారీ అయినా ఒకేసారి రెండు చోట్ల ఉండదు కదా! అక్కడ ‘మరియు’ పడాలి. ‘లేదు’ చేరితే ‘మరియు’, ‘లేదా’ తారుమారయ్యే ఈ సూత్రానికి పేరిచ్చిన గణితజ్ఞుడు డి మోర్గాన్ 1806లో మన పక్క మదురైలోనే పుట్టాడు. రాత్రి వేళ మాత్రమే అలారం కావాలంటే లెక్క తిరగబడుతుంది. ‘పది తర్వాత మరియు అయిదు లోపు’ అంటే ఆ గంట గడియారంలో లేదు. ఇక్కడ ‘లేదా’ కావాలి, దాని చుట్టూ బ్రాకెట్లూ కావాలి. ‘మరియు’ని ముందు లెక్కగట్టడం సాఫ్ట్‌వేర్ల అలవాటు. బ్రాకెట్లు మరిస్తే తెల్లవారుజామున చక్కగా నడుస్తున్న బండికి కూడా అలారం మోగుతుంది.

సెల్ఫ్ సరిగా లేక ఇంజను ఆపడానికి భయపడే డ్రైవరు కోసం మాత్రం ఏ షరతూ లేదు. దానికి మెకానిక్కే దిక్కు.

2023 జులైలో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైవే మీదికి నీళ్లొచ్చాయి, బండ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. అలాంటి రోజు నియమాన్ని ఆపేయక్కర్లేదు. మ్యాపు మీద ఆ ముక్క చుట్టూ ఒక గీత గీసి మినహాయింపుల్లో చేర్చి, దానికో గడువు తేదీ పెడితే చాలు. తేదీ పెట్టకపోతే, నీళ్లు తీసిన తర్వాత కూడా ఐతవరంలో ఎంతసేపు ఇంజను తిప్పినా ఫోను పలకదు.