పుస్తకం మూసి చదవడం: ‘దిద్దుబాటు’ ఆధారంగా

గురజాడ అప్పారావు ‘దిద్దుబాటు’ కథను మీరు ఇప్పటికే చదివి ఉంటారు. 1910లో ‘ఆంధ్రభారతి’ పత్రికలో వెలువడిన ఈ కథ కొద్ది పుటలకు మించదు. దీనిపై వ్యాసరూప ప్రశ్నకు తరచుగా వచ్చే సమాధానం ఎలా ఉంటుందో చూడండి: ఒక పుట రచయిత పరిచయం, ఒక పుట వ్యావహారిక భాషోద్యమం, ఒక పుట కథాసారాంశం, చివర ‘ఇది గొప్ప సంస్కరణ కథ’ అని ఒక వాక్యం. ఇటువంటి సమాధానాన్ని కథ చదవనివారు కూడా గైడు చూసి రాయగలరు. అసలు చిక్కు అక్కడే ఉంది.

ఇప్పుడు పుస్తకం మూయండి. కథలో జరిగినవన్నీ వరుసగా ఒక తెల్లకాగితం మీద రాసి, తరువాత పుస్తకం తెరిచి సరిచూసుకోండి. రాత్రి ఆలస్యంగా ఇంటికి చేరిన గోపాలరావు, కనిపించని కమలిని, ఆమె ఉత్తరం, చివర మంచం కింది నుంచి వినవచ్చిన నవ్వు మీకు గుర్తుండే ఉంటాయి. మరి నౌకరు రాముడు మీ కాగితం మీద ఉన్నాడా? లేకపోతే ఆ భాగాన్ని మళ్ళీ చదవండి. కోపంలో గోపాలరావు అతని మీద చేయి చేసుకుంటాడు, వెంటనే నొచ్చుకొని చేతిలో డబ్బు పెడతాడు. భార్య విషయంలో అతనికి కలిగింది పశ్చాత్తాపం. నౌకరుకు దక్కింది డబ్బు. అయితే ఈ కథలో దిద్దుబాటు జరిగింది ఎంతవరకు? గురజాడ ఈ తేడాను కావాలనే చూపాడని నా అభిప్రాయం. మీరు ఒప్పుకోనక్కరలేదు, కాని కాదనడానికి కథలోంచే ఆధారం చూపాలి.

శీర్షికను కూడా ఇలాగే ప్రశ్నించండి. ‘దిద్దు’ అనగానే మనకు పలకా బలపమూ గుర్తుకు వస్తాయి. స్త్రీవిద్య గొప్పదని రాముడికి ఉపన్యాసం ఇచ్చిన గోపాలరావుకు పాఠం చెప్పింది చదువుకున్న భార్య రాసిన ఉత్తరమే. పైగా అతడు నాచ్‌ను వ్యతిరేకించేవాడై ఉండి సాని పాటకు వెళ్ళాడు. ఈ రెండు విషయాలను పక్కపక్కన పెడితే, ‘సంస్కరణ కథ’ అనే మాటకన్నా ‘సంస్కర్త మీద కథ’ అనే మాట ఎక్కువ సరిపోతుందని మీకు తోచవచ్చు.

భాష గురించి ఒక మాట. ‘ఈ కథ వ్యావహారికంలో ఉంది’ అని రాసే ముందు సంభాషణల్లోని క్రియలను, కథకుడి వాక్యాల్లోని క్రియలను వేర్వేరుగా గీత గీసి చూడండి. గోపాలరావు మాటనూ రాముడి మాటనూ కూడా పోల్చండి. ఆ తరువాత కూడా ఆ వాక్యం అలాగే నిలుస్తుందా?

అసైన్‌మెంటుకు పుస్తకం దగ్గర పెట్టుకొని రాయవచ్చు, పరీక్షలో ఆ వీలు ఉండదు. అందుకే వారం తరువాత, నోట్సు తిరగేయకుండా, గడియారం ఎదురుగా పెట్టుకొని ఈ ప్రశ్నకు ముప్పై నిమిషాల్లో సమాధానం రాయండి: ‘దిద్దుబాటు కథలో రాముడి పాత్ర అవసరమా?’ రచయిత పరిచయానికి రెండు వాక్యాలకు మించి కేటాయించకండి.