కాటి సీను

బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి హరిశ్చంద్ర నాటకం ఆడే మాకు కాటి సీనే అసలు పరీక్ష. అక్కడ పాడే జాషువా పద్యాలు మూలంలో లేవు. ఆయన శ్మశాన పద్యాలను నటులే తెచ్చి నాటకంలో కలుపుకున్నారు. ఇప్పుడవి లేకుండా ఆడితే జనం ఊరుకోరు. ఆ పద్యాలను ఏరి తెచ్చిన నటుల సాహిత్య దృష్టికి దండం పెట్టాలనిపిస్తుంది.

పద్యం ఎత్తుకోగానే హార్మోనిస్టు నా ఊపిరిని కనిపెట్టి మెట్లు నొక్కుతాడు. ఎక్కడ విరుస్తానో, ఎక్కడ రాగం తీస్తానో ముందే పసిగడతాడు. ‘వన్స్ మోర్’ కేక పడిందా, కాటికాపరి వేషంలో ఉన్న రాజు మళ్లీ మొదటి పాదం అందుకోవాల్సిందే. దానివల్ల రసం చెడుతుందంటారు కొందరు. నేనొప్పుకోను. మొదటిసారి గొంతు కోసం విన్నవాళ్లు రెండోసారి మాట కోసం వింటారు. రాగం కన్నా భావానికే పెద్దపీట వేసిన పీసపాటి నరసింహమూర్తి గారి కృష్ణుణ్ని ఇప్పటికీ తలుచుకునేది అందుకే.

ప్రేక్షకుల్లో కూర్చున్నప్పుడు మాత్రం నా చూపు పాడేవాళ్ల మీద నిలవదు. చంద్రమతి వచ్చాక, హరిశ్చంద్రుడి రాగం సాగుతున్నంతసేపూ ఆమెకు మాట లేదు. అయినా చేతుల్లో బిడ్డ బరువు సడలకూడదు, ముఖంలో దుఃఖం చల్లారకూడదు. చప్పట్లన్నీ అవతలివాడికే. ఆమె కోసమే నేను మళ్లీ మళ్లీ టికెట్ కొంటాను.