అంచున సెగ, నడుమ మంచు

కిరుమాంబాక్కంలో కడలూరు రోడ్డు పక్క హోటల్లో మొన్న సాంబారన్నం తెప్పించుకున్నాను. అంచున ముద్ద నాలుక కాల్చింది. నడుమ ముద్దలో ఫ్రిజ్ చల్లదనం అలాగే ఉంది. మైక్రోవేవ్ మీద నాకెంత గుర్రో ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు.

ఆ పెట్టెలో తిరిగే తరంగం పొడవు సుమారు 12 సెంటీమీటర్లు. గోడలకు కొట్టుకుని తిరిగొచ్చే తరంగాలతో కలిసి ఒకచోట బలపడుతుంది, పక్కనే సన్నగిల్లుతుంది. అందుకే పళ్లెం తిప్పుతారు. కానీ నట్టనడుమ ఉన్నది ఎంత తిప్పినా అక్కడే ఉంటుంది! పైగా రెండు మూడు సెంటీమీటర్ల లోతుకే తరంగాల బలం చాలావరకు తగ్గిపోతుంది. ఆ పైన వేడి తనంతట తాను లోపలికి పాకాల్సిందే. అన్నం పల్చగా పరిచి, నడుమ గుంట చేసి, కాస్త నీళ్లు చిలకరించి, వదులుగా మూతపెట్టాలి. మధ్యలో ఒకసారి కలిపి, ఆపాక రెండు నిమిషాలు అలా వదిలేయాలి. నడుమ కూడా 74 డిగ్రీలు దాటాలి.

చేపల పులుసును కలపడమెలా? మా యానాంలో గోదారికి ఎర్రనీరు తగిలాక పులస వచ్చేది. పొయ్యి మీదున్న దాకలో గరిటె పెడితే అమ్మమ్మ ఊరుకునేది కాదు, ముక్క చితుకుతుందని. పాతగుడ్డతో దాక అంచులు పట్టుకుని కుదిపేది. రాత్రి ఒకసారి, పొద్దున ఒకసారి తెర్లకాచి మర్నాడు వడ్డించేది. మర్నాటి పులుసే పులుసని ఇక్కడ ఎన్నిసార్లు రాశానో! ఇప్పుడు నరంబై తీరం చేపలతో వండినా నాది అదే పాట. మైక్రోవేవ్‌లో పెట్టాల్సొస్తే ముక్కల్ని గిన్నె అంచు చుట్టూ పేర్చి, సగం పవర్‌లో వేడిచేస్తాను.

చింతపండు పులుపు, రెండు కాపులు పులుసును కాచాయి. అన్నానికి ఆ రక్ష లేదు. ఈ సముద్రపు ఉక్కలో వండిన అన్నం రాత్రంతా బయటుంటే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి పెరిగి, వాంతులు తెప్పించే విషం వదలొచ్చు. సూక్ష్మజీవి చచ్చినా ఆ విషం మరిగించినా పోదు. పొయ్యి మీద కాచినా అంతే. కాబట్టి పెట్టెను తిట్టడం ఈసారికి మానుకున్నాను. అన్నాన్ని రెండు గంటల్లోపు పల్చగా ఆరబెట్టి ఫ్రిజ్‌లో పెట్టారా లేదా అన్నదే అసలు సంగతి.

ఇకమీదట హోటల్లో అన్నం ఎప్పుడు వండారని అడగండి. ‘నిన్న’ అంటే, రాత్రి ఎక్కడ పెట్టారో కూడా అడగండి.