బ్లైండ్ సైడ్‌లో ఎవరున్నారు?

2009లో వచ్చిన ‘ది బ్లైండ్ సైడ్’ సినిమాలో అందరూ నవ్వే సీనొకటుంది. మెంఫిస్‌లో బాగా డబ్బున్న ఒక తెల్లవాళ్ళ ఇల్లు. ఆ ఇంట్లో ఉంటున్న మైకేల్ ఓర్ అనే నల్లజాతి కుర్రాడిని తమ టీములోకి లాక్కుపోవడానికి పేరున్న కాలేజీ ఫుట్‌బాల్ కోచ్‌లు ఒకరి తర్వాత ఒకరు వస్తుంటారు. వాళ్ళతో బేరమాడేది మైకేల్ కాదు, ఆ ఇంటి చిన్న కొడుకు ఎస్‌జే. మైకేల్ మీ దగ్గరికొస్తే నన్ను మ్యాచ్ రోజు టీముతోపాటు గ్రౌండులోకి రానిస్తారా, సైడ్‌లైన్లో నిలబడనిస్తారా అని ఆ బుడ్డోడు పెద్దమనిషిలా లెక్కలు తేలుస్తుంటాడు. కోచ్‌లు ముసిముసిగా నవ్వుకుంటూ ఒప్పుకుంటారు.

ఆ గదిలో ఎవరి ఒంటిబలం కోసం ఇదంతా జరుగుతోందో అతనికి అడిగే హక్కు లేదు. అడిగితే ఆడనివ్వరు. స్కాలర్‌షిప్, తిండి, హాస్టల్ గది దాటి ఏం పుచ్చుకున్నా నేరం. ఆ రూలు ఉంది కాబట్టే పిల్లాడి బేరం కామెడీ అయింది. బేరం మైకేల్ నోట్లో పెట్టి చూడండి, సినిమా అక్కడే తెగిపోతుంది.

ఇప్పుడా రూలు లేదు. అందుకే ఈ సినిమానీ, దానికి మూలమైన మైకేల్ లూయిస్ పుస్తకాన్నీ (2006) మళ్ళీ తెరవాలనిపించింది.

పుస్తకం సినిమాకన్నా చాలా మెరుగైనది, దానికి కారణం డబ్బే. లూయిస్ ‘మనీబాల్’ రాసినవాడు. ఏ వస్తువుకి ఎంత ధర, ఎందుకంత అన్నది ఆయనకి సహజంగా వచ్చే ప్రశ్న. 1985లో లారెన్స్ టేలర్ వెనకనుంచి వచ్చి పడితే జో థైస్మన్ కాలు విరిగిన ఘటనతో పుస్తకం మొదలవుతుంది. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ కుడిచేతివాటం వాడైతే ఎడమవైపు నుంచి వచ్చేవాడు అతనికి కనపడడు. అదీ బ్లైండ్ సైడ్. దాన్ని కాపు కాసే లెఫ్ట్ టాకిల్ అనే భారీకాయుడి జీతం ప్రొఫెషనల్ ఆటలో ఎలా ఆకాశానికెక్కిందో లూయిస్ డిటెక్టివ్ కథలా చెప్తాడు. ఆ పేజీలు ఇప్పటికీ బాగున్నాయి.

తర్వాత ఒక వింత. ప్రొఫెషనల్ లీగులో ఆ కుర్రాడి విలువ ఎంతుంటుందో డాలర్లలో చెప్పగలిగిన రచయిత, కాలేజీలో అదే పని చేసిన నాలుగేళ్ళకి ఆ విలువ సున్నా ఎలా అయిందని మాత్రం నిలదీయడు. అక్కడికొచ్చేసరికి కలం మెత్తబడుతుంది, హాస్యంలోకి దిగుతుంది. కాలేజీ ఆటల్ని శాసించే ఎన్‌సీఏఏ సంస్థ నుంచి విచారణకి వచ్చినావిడ చాదస్తపు గుమాస్తాలా కనపడుతుంది. మైకేల్‌ని చేరదీసిన షాన్ టూయీ, లూయిస్ ఇద్దరూ న్యూ ఆర్లియన్స్‌లో ఇసిడోర్ న్యూమన్ స్కూల్లో కలిసి చదువుకున్నవాళ్ళు. అందువల్లే ఇలా రాశాడని నేననను. కానీ కథని ఎవరి సోఫాలో కూర్చుని విన్నాడో పాఠకుడికి తెలియాలి.

సినిమాలో ఆ విచారణాధికారిణి దాదాపు విలన్. ఆవిడ అడిగేది ఒకటే: మీరు చదివిన మిసిసిపీ యూనివర్సిటీకి పంపడానికే ఈ అబ్బాయిని చేరదీశారా? సాండ్రా బుల్లక్‌కి ఉత్తమ నటిగా ఆస్కార్ తెచ్చిన ఆ అమ్మ పాత్ర మీద మనకి అప్పటికే ప్రేమ పుట్టేసింది కాబట్టి, ఆ ప్రశ్న మనకి అవమానంలా వినపడుతుంది. చివరికి మైకేల్ ఇచ్చే జవాబు, మా కుటుంబమంతా చదివింది అక్కడే కదా అని. అంతటితో కేసు అయిపోయినట్టే.

2023 ఆగస్టులో అసలు మైకేల్ ఓర్ టెనెసీ కోర్టుకెక్కాడు. తనని దత్తత తీసుకోలేదనీ, 2004లో పద్దెనిమిదేళ్ళప్పుడు పెట్టించిన సంతకం దత్తతది కాదు, కన్సర్వేటర్‌షిప్‌దనీ పిటిషన్ వేశాడు. తన వ్యవహారాలు తాను చూసుకోలేని పెద్దవాళ్ళ కోసం కోర్టు ఏర్పాటు చేసే సంరక్షణ అది. సినిమా డబ్బు విషయంలో అన్యాయం జరిగిందన్నది అతని ఆరోపణ. టూయీలు కాదన్నారు, వచ్చింది అందరం సమానంగా పంచుకున్నామన్నారు. ఆ తగువు తేల్చడం మన పని కాదు. సెప్టెంబరులో కోర్టు ఆ సంరక్షణని రద్దు చేసింది. విమర్శకి పనికొచ్చేది షాన్ టూయీ ఇచ్చిన వివరణ: కుర్రాడు మా కుటుంబంలో వాడైతేనే మిసిసిపీకి వెళ్ళొచ్చని ఎన్‌సీఏఏ అంది, అందుకే ఆ కాగితం. అంటే సినిమా వెక్కిరించిన ప్రశ్నే ఆ కాగితానికి పుట్టుక. కుటుంబం అన్న మాట ఆ ఇంట్లో ప్రేమకి పనికొచ్చింది, రిక్రూటింగ్ రూలుకీ పనికొచ్చింది. సినిమా మొదటిదే చూపించింది.

ఇలా మాటల చాటున డబ్బు దాచడం కాలేజీ ఫుట్‌బాల్‌కి కొత్త కాదు. ‘స్టూడెంట్-అథ్లెట్’ అన్న జంటపదాన్ని 1950లలో ఎన్‌సీఏఏ ప్రచారంలో పెట్టింది, ఆటలో దెబ్బలు తగిలినవాళ్ళు కార్మికుల్లా నష్టపరిహారం అడక్కుండా ఉండటానికి. ఆ సంస్థని దశాబ్దాలు నడిపిన వాల్టర్ బయర్స్ ఈ సంగతి తర్వాత తన పుస్తకంలో తనే రాశాడు.

ఆ గోడ కూలింది కోర్టుల్లో. 2021 జూన్‌లో ఆల్‌స్టన్ కేసులో సుప్రీంకోర్టు 9-0 తీర్పు, జూలై 1 నుంచి ఆటగాళ్ళు తమ పేరూ ముఖమూ అమ్ముకునే హక్కు. ఇసిడోర్ న్యూమన్ స్కూలే చూడండి. అక్కణ్ణుంచే వచ్చిన ఆర్చ్ మానింగ్ టెక్సస్ తరఫున ఒక్క సీజనూ ఆడకముందే అతని సంతకమున్న కార్డు వేలంలో లక్ష డాలర్లు దాటింది. (ఆ డబ్బు దానానికి వెళ్ళింది.) ఎమ్మెస్‌కి పిల్లల్ని పంపిన మన ఇళ్ళల్లో కంఠతా వచ్చే ఎఫ్-1 వీసా రూలు ఇక్కడా అడ్డొస్తుంది: విదేశాల నుంచి వచ్చిన ఆటగాళ్ళు అమెరికాలో ఉండగా ఇలాంటి ప్రకటనల్లో నటిస్తే అది పని చేయడం కిందికి రావచ్చు, వీసాకే ముప్పు.

ఇక 2025 జూన్ 6న హౌస్ కేసు సెటిల్‌మెంటు. పాత ఆటగాళ్ళకి పదేళ్ళలో దాదాపు 280 కోట్ల డాలర్ల బాకీ. ఇప్పటివాళ్ళకి కాలేజీలే నేరుగా డబ్బివ్వచ్చు, మొదటి ఏడాది ఒక్కో కాలేజీకి పరిమితి సుమారు 2.05 కోట్ల డాలర్లు. మైకేల్ ఓర్ తరానికి జరిగింది అన్యాయమని ఒప్పుకున్నట్టే. ఇక్కడిదాకా నాకూ సంతోషమే.

కానీ పంపకం చూడండి. పెద్ద లీగుల బాకీకి వాడిన లెక్కలో 75 శాతం ఫుట్‌బాల్‌కి, 15 మగవాళ్ళ బాస్కెట్‌బాల్‌కి, 5 ఆడవాళ్ళ బాస్కెట్‌బాల్‌కి, 5 మిగతా ఆటలన్నిటికీ. కొత్త డబ్బు పంచడంలోనూ చాలా కాలేజీలు ఈ దామాషానే నమూనాగా తీసుకున్నాయి. ఫుట్‌బాల్ సంపాదిస్తోంది, ఫుట్‌బాల్ తీసుకుంటుంది, ఇది మార్కెట్ అంటారు. నిన్నటిదాకా డబ్బంటే ఆట పవిత్రత మంటగలుస్తుందన్న నోళ్ళే ఇవి. మైకేల్‌ కోసం వచ్చిన కోచ్‌ల్లో ఒకడిగా సినిమాలో తన పాత్ర తనే వేసుకున్న టామీ టబర్విల్ సెనేటరయ్యాడు, 2023లో ఇంకో సెనేటర్‌తో కలిసి ఈ ఒప్పందాలకి పగ్గం వేసే బిల్లు పెట్టాడు. మూడేళ్ళు ఆడందే కుర్రాళ్ళు ఇష్టమొచ్చినట్టు కాలేజీ మారకూడదన్నది అందులో ఒక షరతు. కోచ్‌లు మారడం గురించి ఆయనకి పేచీ లేదు కాబోలు.

సంపాదించినవాడికే అన్న వాదనకి జవాబు యాభై ఏళ్ళ కిందటే వచ్చింది. ప్రభుత్వ డబ్బు తీసుకునే విద్యాసంస్థలో ఆడా మగా తేడా చూపొద్దని 1972లో టైటిల్ నైన్ అనే చట్టం చేశారు. 1974లో టెక్సస్ సెనేటర్ జాన్ టవర్, ఆదాయం తెచ్చే ఆటలకి మినహాయింపు ఇద్దామని సవరణ తెచ్చాడు. అది నిలబడలేదు. ఏ ఆట ఎంత తెస్తుందన్నది కొలబద్ద కాదని అప్పుడే తేలింది. ఆ మినహాయింపు ఇప్పుడు సెటిల్‌మెంటు లెక్కల రూపంలో దొడ్డిదారిన వచ్చిందంటే తప్పేమీ లేదు. ఈ చెల్లింపులు కూడా ఆర్థిక సహాయమే, దామాషాలో పంచాలని 2025 జనవరిలో దిగిపోతున్న బైడెన్ ప్రభుత్వ విద్యాశాఖ చెప్పింది. ఫిబ్రవరిలో ట్రంప్ ప్రభుత్వం దాన్ని వెనక్కి తీసుకుంది. జూన్‌లో తీర్పు రాగానే కొందరు క్రీడాకారిణులు టైటిల్ నైన్ పేరుతో అప్పీలుకెళ్ళారు.

అమ్మాయిలకీ ప్రకటనల డబ్బు వస్తోంది కదా అంటారు. వస్తోంది, కొందరికి బాగానే. లక్షల ఫాలోయర్లున్న జిమ్నాస్ట్ లివీ డన్ కూడా సెటిల్‌మెంటు తన విలువని తక్కువ కట్టిందని జడ్జి ముందు చెప్పింది. ఆమె గతే అదైతే, ఇన్‌స్టాలో ఎవరికీ తెలియని హర్డిల్స్ అమ్మాయి సంగతేంటి?

‘ది బ్లైండ్ సైడ్’ సినిమాలో మొదట్లో అమ్మాయిల వాలీబాల్ మ్యాచ్ ఒకటుంది. మ్యాచ్ అయిపోయాక జనం వదిలేసిన పాప్‌కార్న్ పొట్లాలు మైకేల్ ఏరుకోవడం షాన్ కంటపడుతుంది. కథ అక్కణ్ణుంచి కదులుతుంది. ఎవరు గెలిచారో ఎవరికీ గుర్తుండదు, ఆ ఆట అతని ఆకలిని చూపించడానికి పెట్టిన తెర మాత్రమే. 2023 ఆగస్టు 30న నెబ్రాస్కా యూనివర్సిటీ తన అమ్మాయిల వాలీబాల్ మ్యాచ్‌ని ఫుట్‌బాల్ స్టేడియంలో ఆడించింది. 92,003 మంది వచ్చారు. ఆ నాలుగు అంకెల లెక్కలో వాలీబాల్ చోటు చివరి 5లో, ఈత, గోల్ఫు, సాఫ్ట్‌బాల్‌తో కలిపి.