క్వాటర్‌మాస్‌ను మళ్లీ తీయాలంటే

విజ్ఞానశాస్త్రపు ఊహల నుంచే భయాన్ని పుట్టించిన 1950, 60ల నాటి బ్రిటిష్ సైన్స్ ఫిక్షన్ హారర్ చిత్రాలను రీమేక్ చేస్తారన్న మాట వచ్చినప్పుడల్లా, మూలాన్ని చెడగొట్టవద్దన్న అభ్యంతరం వినిపిస్తుంది; అయితే వాటిలో పేరుమోసినవి కొన్ని స్వయంగా రీమేకులేనన్న సంగతి ఆ అభ్యంతరంలో మరుగున పడుతుంది. హామర్ సంస్థకు వాల్ గెస్ట్ 1955లో తీసిపెట్టిన తొలి క్వాటర్‌మాస్ చిత్రానికి ఆధారం, నైజెల్ నీల్ రాయగా 1953 వేసవిలో బీబీసీ ఆరు భాగాలుగా ప్రత్యక్ష ప్రసారం చేసిన, అంటే స్టూడియోలో నటులు నటిస్తుండగానే ఇళ్లకు చేరిన సీరియల్. అందులో నేడు మిగిలినవి మొదటి రెండు భాగాలే.

అంతరిక్షంలోకి వెళ్లిన ముగ్గురిలో ఒక్కడే తిరిగి వస్తాడు. మిగిలిన ఇద్దరినీ తనలో కలుపుకొన్న ఏదో జీవశక్తి అతణ్ని క్రమంగా మనిషి కానిదిగా మార్చి, చివరకు వెస్ట్‌మిన్‌స్టర్ అబీకి చేరుస్తుంది. అప్పటికి కొన్ని వారాల క్రితమే, జూన్ 2న, ఎలిజబెత్ రాణి పట్టాభిషేకాన్ని ఆ అబీ నుంచే టీవీలో చూసిన ప్రేక్షకులకు అది ఎంతటి అపచారంగా తోచి ఉంటుందో ఊహించవచ్చు. సీరియల్‌లో, వారిని అంతరిక్షంలోకి పంపిన ప్రొఫెసర్ క్వాటర్‌మాస్ ఆ జీవిలో మిగిలిన ముగ్గురు మనుషులతో మాట్లాడి, వారి సంకల్పంతోనే దానిని అంతం చేయిస్తాడు. సినిమాలో ఆ పని విద్యుత్తు చేస్తుంది. ఈ మార్పుతో కథలోని వాదమే పోయింది, కానీ దాదాపు మాటలే లేని వ్యోమగామి పాత్రలో రిచర్డ్ వర్డ్స్‌వర్త్ ముఖం ఆ నష్టాన్ని చాలావరకు పూడ్చింది. రీమేక్ విలువను ఇలాంటి ఇచ్చిపుచ్చుకోవడాల్లోనే వెతకాలి.

జాన్ విండమ్ నవల ఆధారంగా 1960లో వచ్చిన 'విలేజ్ ఆఫ్ ద డామ్డ్' సంగతి వేరు. ఊరంతా ఒక్కసారిగా స్పృహ తప్పాక స్త్రీలు గర్భవతులవుతారు, అయినా కథ మగవారి ఆందోళన చుట్టూనే తిరుగుతుంది. జాన్ కార్పెంటర్ 1995లో దానిని కాలిఫోర్నియాకు తరలించి పెద్దగా సాధించినదేమీ లేదు. 2022 నాటి బ్రిటిష్ సీరియల్ మాత్రం ప్రధాన పాత్రను మహిళగా మార్చి, మూలం దాటవేసిన ప్రశ్నను ఎదుర్కొంది.

ఇప్పుడు తిరిగి తీయదగినది, రాయ్ వార్డ్ బేకర్ 1967లో తీసిన 'క్వాటర్‌మాస్ అండ్ ద పిట్'. లండన్ భూగర్భ రైలుమార్గపు తవ్వకంలో పురాతన కపాలాలు, వాటి వెంట ఒక లోహపు నౌక బయటపడతాయి. అంగారకవాసులు లక్షల ఏళ్ల క్రితం మానవ పూర్వీకుల మెదళ్లను మార్చారనీ, తమకు భిన్నమైన వారిని వేటాడే గుణం ఆ వారసత్వమేననీ తేలుతుంది. నాటింగ్ హిల్‌లో జాతి అల్లర్లు జరిగిన 1958లోనే మూల సీరియల్ ప్రసారం మొదలైంది కనుక ఆ కల్పన లక్ష్యం అప్పటివారికి వివరించనక్కరలేదు. లండన్‌లోని ఎలిజబెత్ లైన్ రైలుమార్గపు తవ్వకంలో లివర్‌పూల్ స్ట్రీట్ వద్ద నిజంగానే వేలాది అస్థిపంజరాలు బయటపడ్డాయి కాబట్టి నేపథ్యానికీ కొరత లేదు. కష్టమంతా కర్నల్ బ్రీన్ పాత్రతో వస్తుంది: కళ్లెదుట ఉన్నది జర్మన్ల యుద్ధకాలపు ఆయుధమేనని చివరిదాకా పట్టుబట్టే ఆ సైనికాధికారి మొండితనం, బాంబుదాడులు చవిచూసిన తరానికి సహజంగానే తోచింది. నేటి బ్రిటన్‌లో అంతే నమ్మకంగా తప్పు చెప్పగల అధికారి ఎవరన్నది, అంగారకవాసులను ఎలా చూపాలన్న దానికంటే ముందు తేలవలసిన విషయం.