మంద్రాన్ని మోసే పెట్టె

కచేరీకి ముందు మృదంగం ఎడమ మూతకు తడి రవ్వ ముద్ద అద్దడం చూసే ఉంటారు. రవ్వ లేకపోతే తొప్పి బోలుగా పలుకుతుంది, అద్దాక గుమ్మని కడుపులోకి దిగుతుంది. మంద్రానికి విడిగా సేవ చేయాలని మన విద్వాంసులకు ఎప్పటినుంచో తెలుసు. బేస్ గిటారుకు వేదిక మీద అలాంటి సేవ చేసే వస్తువు ఒకటుంది. సబ్బుపెట్టె అంత ఉంటుంది. కాలితో నొక్కే స్విచ్ ఒకటి, చాలా వాటికి నాబ్ కూడా ఒకటే. అదే బూస్టర్ పెడల్.

గిటారు నుంచి వచ్చే సన్నని సంకేతాన్ని పెద్దది చేసి ఆంప్‌కు అందించడమే దాని పని. 6 డెసిబెల్స్ పెంచితే వోల్టేజి రెట్టింపవుతుంది, 20 పెంచితే పది రెట్లవుతుంది. మంచి బూస్టర్ తన రంగు పులమదు, తన గరగర కలపదు. వాయించేవాడి వేలు ఎలా పడిందో అలాగే పైకెత్తి వినిపిస్తుంది. నేను ఇలాంటి శుభ్రమైన బూస్టర్ పక్షం. డిస్టార్షన్ ప్రేమికులకు నచ్చకపోయినా ఈ మాట మార్చుకోను.

వేలు వినిపించాలి అనడానికి జేమ్స్ జేమర్సన్ ఒక్కడు చాలు. 1960లలో డెట్రాయిట్ మోటౌన్ స్టూడియోలో కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితో ఆయన నడిపిన బేస్ వింటే, ఒక్క వేలికి అన్ని నడకలు ఎక్కడివా అని ఇప్పటికీ ఆశ్చర్యపోతాను. చేతిలో 1962 నాటి ఫెండర్ ప్రెసిషన్ బేస్, దానికి పాత తీగలు. ఆ తీగలు తెగితే తప్ప మార్చేవాడు కాదు. పెడల్ లేదు, గిటారు కేబుల్ నేరుగా రికార్డింగ్ డెస్క్‌లోకి వెళ్లేది. ఎత్తాల్సినంత ఎత్తే పని ఆ డెస్క్ చూసుకునేది. వేదిక మీద అలాంటి డెస్క్ పక్కన ఉండదు, అందుకే కాళ్ల దగ్గర ఈ పెట్టె.

మరో బేస్ వాద్యకారుడు జాకో పాస్టోరియస్ సంగతి వేరు. 1976లో వచ్చిన తన తొలి ఆల్బమ్‌లో 'పోర్ట్రెయిట్ ఆఫ్ ట్రేసీ' అనే రచనను దాదాపు హార్మోనిక్స్ మీదే నిలబెట్టాడు. తీగను పూర్తిగా అదమకుండా వేలు తాకీ తాకనట్టు ఉంచి పుట్టించే పలుచని స్వరాలవి. వాటి కింద మామూలు మంద్రస్వరాలు కూడా మోగుతుంటాయి. ఒకే చేతిలో గంటలూ, ఢంకా! ఈ రెండింటినీ ఒకదాన్నొకటి మింగకుండా మోయగలిగితేనే ఏ పరికరమైనా బేస్‌కు పనికొచ్చినట్టు.

ఇక బేస్ వాద్యకారుడు మార్కస్ మిల్లర్. ఆయన 1977 ఫెండర్ జాజ్ బేస్‌లో న్యూయార్క్‌కు చెందిన రోజర్ సడౌస్కీ ఒక ప్రీఆంప్, అంటే ఆంప్‌కు ముందే సంకేతాన్ని పెంచే సర్క్యూట్, అమర్చాడు. మిల్లర్ బొటనవేలి దెబ్బ గాజుముక్కలా మెరవడంలో చేతిదే పెద్ద వాటా, కానీ ఆ ప్రీఆంప్ వాటా కూడా ఉంది. సడౌస్కీ తర్వాత సొంతంగా చేసిన ప్రీఆంప్‌లలో బేస్‌నూ ట్రెబుల్‌నూ పెంచడమే ఉంటుంది, తగ్గించడం ఉండదు. బూస్ట్ అనే మాటకు అంతకన్నా నిజాయితీగల నమూనా నాకు కనిపించలేదు.

మన పాటల్లోకి వద్దాం. ఇళయరాజా బేస్‌కూ స్వరాలు రాసిస్తారు. అందుకే ఆయన పాటల్లో బేస్ పల్లవి కింద మరో పల్లవిలా నడుస్తుంది. ఎన్నో ఏళ్లు ఆ బేస్ మోసిన శశిధరన్ పేరు మన శ్రోతల్లో ఎందరికి తెలుసు? రెహమాన్ పాటల్లో కీత్ పీటర్స్ చేసిన పనికీ ఇదే గతి. ఇళయరాజా 'గీతాంజలి' పాటలు ఒక్కసారి మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, గాత్రం పక్కకు జరిపి, కింది గొంతునే పట్టుకుని వినండి. ఆ తర్వాత బేస్ వినపడని పాట ఉప్పులేని పప్పులా ఉంటుంది.

ఆ కింది గొంతును పైకెత్తే బూస్టర్ పుట్టుక కథ చిన్నది. 1960ల మధ్యలో ఇంగ్లండ్‌లో డల్లాస్ రేంజ్‌మాస్టర్ వచ్చింది, 1968లో న్యూయార్క్‌లో మైక్ మాథ్యూస్ ఎలక్ట్రో-హార్మోనిక్స్ పేరుతో ఎల్‌పీబీ-1 అనే బూస్టర్ అమ్మాడు. వేరే పెడల్‌ను పరీక్షించడానికి ముందు తగిలించిన చిన్న సర్క్యూటే ఆ పెట్టె అయిందని చెబుతారు.

బేస్ వాయించేవాళ్లు ఎంపికలో తప్పటడుగు వేసేది ఇక్కడే. రేంజ్‌మాస్టర్ ట్రెబుల్ బూస్టర్. దాని ఇన్‌పుట్ కెపాసిటర్ 0.005 మైక్రోఫారడ్ మాత్రమే, కింది స్వరాలను గుమ్మం దగ్గరే ఆపేస్తుంది. లీడ్ గిటారుకు అది వరం, బేస్‌కు శాపం. బేస్‌లో అదమకుండా మీటిన ‘ఈ’ (E) తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, అయిదు తీగల బేస్‌లో ‘బీ’ (B) తీగ 31 దగ్గర. అంత లోతు చెక్కుచెదరకుండా దాటించే సర్క్యూట్ కావాలి. కాబట్టి కొట్టుకు మీ బేస్ మీరే పట్టుకెళ్లండి. కొట్టులోని చిన్న ఆంప్‌ను నమ్మకండి, అందులో 41 హెర్ట్జ్ సరిగ్గా పలకదు. పెద్ద క్యాబినెట్ లేదా మంచి హెడ్‌ఫోన్లు అడగండి. ‘ఈ’ (E) తీగ మీటి స్విచ్ వేస్తూ తీస్తూ వినండి. బూస్ట్ వేసినప్పుడు ఆంప్ వాల్యూమ్ కొంచెం తగ్గించి, రెండు శబ్దాలూ సమానం చేశాకే పోల్చండి. ఎందుకంటే బిగ్గరగా ఉన్నదే బాగుందని చెవి మోసపోతుంది. అడుగు పలుచబడితే ఆ పెట్టె మీది కాదు.

రెండో పరీక్ష బొటనవేలి దెబ్బ. స్లాప్ కొట్టినప్పుడు సంకేతం ఒక్కసారిగా ఎగురుతుంది. 9 వోల్టుల మీద చీలిపోయే పెడల్ 18 వోల్టుల మీద హాయిగా మోయవచ్చు, అయితే తయారీదారు ఒప్పుకుంటేనే 18 ఇవ్వండి. మీది లోపల ప్రీఆంప్ లేని ప్యాసివ్ బేస్ అయితే ఇన్‌పుట్ ఇంపెడెన్స్ ఒక మెగాఓమ్ దగ్గర ఉందో లేదో అడగండి, లేకపోతే పైస్వరాల మెరుపు పోతుంది.

వాడకంలో, పెడళ్ల వరుసలో బూస్టర్ చోటే ప్రాణం. ఓవర్‌డ్రైవ్‌కు ముందు పెడితే శబ్దం చిక్కబడుతుంది, చివర పెడితే వాల్యూమ్ పెరుగుతుంది. బిగ్గర శబ్దాన్ని అణిచే కంప్రెసర్‌కు ముందు పెడితే పెంచినదంతా కంప్రెసర్ తినేస్తుంది. సోలోకు 3 నుంచి 6 డెసిబెల్స్ చాలు. మిక్సర్‌కు డీఐ బాక్స్ (గిటారు సంకేతాన్ని మిక్సర్‌కు తగ్గట్టు మార్చే పెట్టె) ద్వారా వెళుతుంటే బూస్టర్ దానికి ముందే ఉండాలి. ఒక ముఖ్యమైన మాట: సౌండ్ చూసే ఆయనకు ఫలానా చోట లేపుతానని ముందే చెప్పండి. చెప్పకపోతే మీరు లేపిన క్షణమే ఆయన ఫేడర్ కిందికి లాగుతాడు, పాపం ఆయన తప్పు కాదు.

ఇప్పుడు కడుపుమంట సంగతి. పేరున్న సర్క్యూట్‌ను కాపీ కొట్టి, చౌక కెపాసిటర్ వేసి, లీడ్ గిటారు పెట్టెకే పైన 'బేస్' అని అచ్చువేసి అమ్ముతున్నారు. ఒకసారి నేనూ అలాంటిది మిత్రుడికి కొనిచ్చాను. వేదిక మీద సోలో దగ్గర స్విచ్ నొక్కగానే అడుగు మాయమైంది, హమ్ మాత్రం హాలంతా నిండింది. అతడు ఏమీ అనలేదు, పాట అయ్యాక దాన్ని విప్పి బ్యాగులో వేసుకున్నాడు. ఆ మౌనం ఇంకా నన్ను పొడుస్తోంది. నకిలీ పెట్టె దొంగిలించేది డబ్బు ఒక్కటే కాదు, ఇరవై ఏళ్ల సాధనను ఆ ఒక్క నిమిషంలో వినపడకుండా చేస్తుంది.

ఇంతకన్నా పెద్ద అన్యాయం ఇంకొకటి. పెళ్లి ఆర్కెస్ట్రాల్లో బేస్ మనిషినే తీసేస్తున్నారు. కీబోర్డు మీద ఎడమచేత్తో బేస్ కానిచ్చేస్తున్నారు. తీగ మీద వేలు జారేటప్పటి గమకం, రెండు స్వరాల మధ్య ఊపిరి, తాళానికి వెంట్రుకవాసి వెనక నిలబడే ఆ నడక కీబోర్డు మీటకు ఎక్కడినుంచి వస్తాయి? వింటున్న జనం కాలు ఆడించడం మానేశారంటే కారణం వెతకనక్కర్లేదు.

ఆర్కెస్ట్రా నడిపేవారికి నా విన్నపం ఒక్కటే. వచ్చే కార్యక్రమానికి లైట్లలో రెండు తగ్గించండి. ఆ డబ్బుతో ఒక బేస్ కళాకారుడిని పిలవండి, అతడి ముందు ఒక మంచి బూస్టర్, వెనక ఒక పెద్ద స్పీకరు పెట్టండి. సౌండ్ చెక్‌లో మొదటి పది నిమిషాలు అతడికే ఇవ్వండి.