ఓర్వకల్లులో ఎన్ని మాత్రలు?

తెలుగువాళ్ళ చెవి గురించి నేను చదివినవాటిలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఏ కవిత్వ విమర్శకుడూ రాసింది కాదు. 2007లో 'లాంగ్వేజ్ అండ్ స్పీచ్' పత్రికలో లలితా మూర్తి, తకాషి ఒతాకె, ఆన్ కట్లర్ కలిసి వేసిన పరిశోధన వ్యాసం అది. గ్రాఫులూ పట్టికలూ చూసి భయపడకపోతే, ఛందస్సు పుస్తకం పక్కన పెట్టుకుని చదవదగ్గది. మనవాళ్ళ సాహిత్య చర్చల్లో దాని ఊసు ఎక్కడా నా కంటపడలేదు కాబట్టి ఈ నాలుగు మాటలు.

ముందు కొంచెం వెనక కథ. ఎవరైనా మాట్లాడుతుంటే ఆ ధ్వనిలో పదానికీ పదానికీ మధ్య ఖాళీలుండవు, అచ్చులో ఉన్నట్టు. ఆ ప్రవాహాన్ని ముక్కలు చేసుకునే పని చెవి చేయాలి. ఏ కొలతతో చేస్తుంది? 1981లో ఫ్రెంచివాళ్ళ మీద ఒక ప్రయోగం జరిగింది. 'పలాస్', 'పల్మియె' లాంటి పదాలు వినిపించి, 'ప' గానీ 'పల్' గానీ వినబడగానే మీట నొక్కమన్నారు. మొదటి పదంలో 'ప'ని, రెండో పదంలో 'పల్'ని వేగంగా పట్టుకున్నారు. అంటే వాళ్ళ చెవి సిలబుల్ దగ్గర విరుస్తోంది. ఇంగ్లీషువాళ్ళ మీద ఇలాంటి ప్రయోగమే చేస్తే ఆ తేడా కనబడలేదు. వాళ్ళ చెవి ఒత్తి పలికే సిలబుల్ కోసం చూస్తుంది.

ఇక జపనీస్. 1993లో ఒతాకె, కట్లర్ తదితరులు 'తనిషి', 'తన్షి' అనే రెండు పదాలు తీసుకున్నారు. 'తన్షి'లో 'తన్' జపనీయులకు తేలిగ్గానే దొరికింది. 'తనిషి'లో అదే 'తన్'ని పట్టుకోమంటే బాగా తడబడ్డారు. త, న్ అనే ధ్వనులు రెండింట్లోనూ వరసగానే ఉన్నాయి కదా, మరి తేడా ఎందుకు? జపనీస్ చెవి కొలత 'మోరా'. 'తనిషి'లో న్ విడిగా లేదు, 'ని' అనే మోరా లోపల ఇరుక్కుని ఉంది. 'తన్షి'లో ఆ న్ తానే ఒక మోరా. వాళ్ళ లెక్కలో 'నిప్పొన్' అంటే ని-ప్-పొ-న్, మొత్తం నాలుగు.

ఇక్కడికి వచ్చేసరికి మీకు స్కూల్లో గణవిభజన చేసిన రోజులు గుర్తొచ్చి ఉండాలి. 'నిప్పొన్' మన పద్ధతిలో రెండు గురువులు, నాలుగు మాత్రలు. లెక్క సరిగ్గా సరిపోయింది. మూర్తి బృందం పట్టుకున్నది ఈ పోలికనే. జపనీస్‌తో చుట్టరికమేమీ లేని తెలుగు, లయలో మాత్రం దాని దగ్గర నిలబడుతుంది. అయితే తెలుగువాళ్ళు జపనీస్ వింటే ఎలా వింటారు? జపనీయుల్లాగే విన్నారు. మోరా హద్దు దాటి ఉన్న ముక్కని పట్టుకోవడం మనవాళ్ళకీ కష్టమైంది. భాష రాదు, అర్థం తెలియదు, అయినా చెవి మాత్రలోనే కొలిచింది. తెలుగు మాటలు జపనీయులకు వినిపించినప్పుడు కూడా, వాళ్ళ భాష ఒప్పుకునే హల్లులతో ముగిసే అక్షరాలు మాత్రమే ఉంటే, ఇదే ఫలితం.

ఛందస్సు చదివినవాడికి ఇది చిన్న విషయం కాదు. మాత్ర అనేది లాక్షణికులు కాగితం మీద గీసుకున్న గీత అని కొట్టిపారేయలేం. మామూలు తెలుగువాడి చెవి లోపల అలాంటిదేదో నిజంగానే ఉంది.

ఇంతకన్నా రుచికరమైన సంగతిని మాత్రం వ్యాసం కొంచెం మెల్లగా దాటేస్తుంది. తెలుగువాళ్ళు తెలుగునే విన్నప్పుడు ఫలితం 'మిశ్రమం' అంటారు. పరాయి భాషని మాత్రల్లో కొలిచిన చెవి సొంత భాష దగ్గర తడబడిందన్నమాట. స్థూలంగా చూస్తే ఇద్దరి తీరూ పోలిందని తేల్చి రచయితలు ముందుకెళ్ళిపోతారు. వాళ్ళ పరికల్పన నిలబడాలి కాబట్టి అది వాళ్ళకు చాలు. నాకు చాలలేదు. సాఫ్ట్‌వేర్‌లో టెస్టులన్నీ పాసై ఒక్కటి మాత్రం ఒకసారి పాసై ఒకసారి ఫెయిలైతే, నేర్చుకోవాల్సినదంతా దాని దగ్గరే ఉంటుంది.

నా అనుమానం లిపి మీద. 'తన్షి'ని తెలుగులో రాస్తే ఏమవుతుంది? త, న్షి. రెండే అక్షరాలు. చెవికి 'తన్' దగ్గర బరువుంటే, కన్ను ఆ న్‌ని తీసుకెళ్ళి తర్వాతి అక్షరానికి అతికించేసింది. లఘువు గురువుల సూత్రం దీన్ని వెనక్కి లాగుతుంది: సంయుక్తాక్షరానికి ముందున్నది గురువు. హల్లు రాత ముందుకు నెడితే బరువు ఛందస్సు వెనక్కి తెచ్చింది. పైగా మన లిపిలోనే రెండు పద్ధతులున్నాయి. 'అంత'లో సున్న అకారం పక్కనే కూర్చుంటుంది. 'అన్న'లో మొదటి నకారం మాత్రం తర్వాతి అక్షరంలో కలిసిపోతుంది. వినడానికి రెండుచోట్లా మొదటి ముక్క 'అన్'. చదువుకున్నవాళ్ళకీ అక్షరం రానివాళ్ళకీ ఈ రెండు పదాలు విడివిడిగా వినిపించి ఎవరైనా మీట నొక్కిస్తే బాగుండు. చదువుకున్నవాళ్ళలోనే తడబాటు ఎక్కువగా ఉంటుందని నా పందెం. మనం వినేటప్పుడు కూడా లోపల రాసుకుంటూ వింటాం.

పందానికి ఆధారమంటూ ఏమీ లేదు, మా మేనమామ తప్ప. ఆయన ఓర్వకల్లులో పిల్లలకి చెక్కభజన నేర్పుతాడు. ఐదో తరగతితో బడి మానేశాడు. మాత్ర, గురువు అనే మాటలు ఆయన నోట వినలేదు. పిల్లల్ని ఆయన తిట్టే తిట్టు ఒకటే: "ఒత్తు మింగొద్దు రా, అడుగు తప్పుతాది." దాని లోతు నాకు ధ్వనితరంగాల బొమ్మలు చూశాకే తెలిసింది. 'అక్క' అనేమాటని రికార్డు చేసి చూడండి. రెండు అచ్చుల మధ్య, క్క ఉన్న చోట, ధ్వని దాదాపు ఏమీ ఉండదు. నాలుక మూసుకుని ఆగిన నిశ్శబ్దం, చివర చిన్న పేలుడు. ఆ నిశ్శబ్దాన్నే మనం మాత్రగా లెక్కపెడుతున్నాం. తొందరపడి దాన్ని మింగేస్తే పాట ముందుకు జారిపోతుంది, కాలు వెనకబడుతుంది. "ఏం అల్లుడా, శబ్దం లేనిచోట తాళం ఏడుంటుందని కదా నీ అనుమానం? ఆడనే ఉంటాది," అన్నాడు.

అలాగని మాత్రని గడియారం అనుకోకూడదు. జపనీస్ మాటల్ని యంత్రంతో కొలిచినా మోరాలన్నీ ఒకే నిడివిలో ఉండవు. మన ద్విపదనే చూడండి: మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. ఇంద్రగణానికి 4 మాత్రలైనా ఉండొచ్చు, 5 అయినా ఉండొచ్చు. అంటే పాదం 15 నుంచి 18 మాత్రల దాకా సాగుతుంది. అయినా పాడేవాళ్ళకి అడ్డం రాదు, ఎక్కడో సాగదీసి ఎక్కడో కుదించి సర్దేస్తారు. 1910లో గురజాడ ముత్యాల సరానికి 3, 4 మాత్రల నడకని బిగించినప్పుడు ఆ సర్దుబాటు పని పాడేవాడి చేతిలోంచి కవి చేతికి వచ్చింది. ఆ నడక మీద చేరా 'ముత్యాల సరాల ముచ్చట్లు' పేరుతో ఏకంగా పుస్తకమే వేశారు. అంత ఓపిగ్గా లెక్క చూసిన విమర్శ మనకుండేది.

వచనకవిత దగ్గరికి రాగానే ఆ ఓపిక పోయి ఒక్క మాట మిగిలింది: అంతర్లయ. ఫలానా కవితలో అద్భుతమైన అంతర్లయ ఉంది అంటారు. ఎక్కడుంది? ఏ పంక్తిలో, ఏ ఒత్తు దగ్గర, ఏ విరుపు దగ్గర? చెప్పరు. చెప్పకపోయినా ఎవరూ అడగరు. ఈ మాటతో నా పేచీ అదే. చెవి దేన్ని లెక్కపెడుతుందో మీట నొక్కించి కనుక్కునే పద్ధతి ఉన్నప్పుడు, కనీసం బయటికి చదివి ఎక్కడ ఆగామో గుర్తుపెట్టి చూపించవచ్చు. హైకూలోనూ ఇదే ఇబ్బంది. జపనీస్ 5-7-5 మోరాల లెక్క. తెలుగులో అది పదిహేడు అక్షరాలుగా మారింది, ఆ తర్వాత చాలామంది లెక్కే వదిలేశారు. వదిలేయడం తప్పు కాదు, ఇస్మాయిల్ 'కప్పల నిశ్శబ్దం' లెక్కల కోసం ఎవరూ చదవరు. కానీ చేతిలో మాత్ర అనే సరైన కొలత ఉండగా అక్షరాన్ని ఎంచుకోవడం చూస్తే, చెవి కంటే కన్ను మన మీద ఎంత పెత్తనం చేస్తోందో తెలుస్తుంది.

ఈ పెత్తనం ఇప్పుడు యంత్రాలకీ చేరింది. నా ఫోన్లో దారి చెప్పే గొంతు నంద్యాల రోడ్డెక్కగానే 'ఆర్వకల్' అంటుంది. రాళ్ళవనం చూడ్డానికో, 2021లో తెరిచిన విమానాశ్రయానికో వచ్చే కొత్తవాళ్ళు ఆ మాటే పట్టుకుని ఊళ్ళో దారి అడుగుతారు. ఈ వైపు ఊళ్ళ పేర్ల చివర వచ్చే కల్లు తాగే కల్లు కాదు, రాయి. ఒక్క మాత్ర తేడాతో మన భాషలో కల కాస్తా కల్ల అవుతుంది. ఆడియో పుస్తకాలని, కవితా పఠనాల్ని ఇలాంటి గొంతులకి అప్పజెబుతున్నారు. ఎక్కడ ఆగాలో ఎంతసేపు ఆగాలో వాటికి నేర్పాల్సినవాళ్ళు నాలాంటి ఇంజనీర్లు. మా ముందున్నది మాత్రం రాతలోని అక్షరాల వరసే.

ఇంతకీ ఓర్వకల్లులో ఎన్ని మాత్రలు? గణవిభజన చేస్తే ఓ గురువు, ర్వ లఘువు, క గురువు, ల్లు లఘువు, మొత్తం ఆరు. దీర్ఘమూ ఉండి, పక్కన సంయుక్తమూ ఉన్నా గురువుకి రెండు మాత్రలకి మించి ఇవ్వదు శాస్త్రం. మోరాల పద్ధతిలో ఓకారానికి రెండు, రకారానికి ఒకటి ఇచ్చుకుంటూ పోతే ఏడు. తెలుగుచెవి ఆరు దగ్గర ఆగుతుందా, ఏడు వింటుందా? మామని అడిగితే లెక్క చెప్పలేదు. చెక్కలు తీసి ఊరిపేరు నాలుగుసార్లు అంటూ కొట్టాడు. మొదటి దెబ్బ 'ఓ' మీద, రెండోది 'క' మీద. రకారం దగ్గర ఆయన చెయ్యి ఏమైనా ఆలస్యమైందా అన్నది ఫోన్లో రికార్డు చేసుకున్నాను, ఇంకా కొలవాలి.